పెళ్ళికూతురి జడ, మిరప తోట, పావుకిలో కుంకుడుకాయలు

మాఘం వచ్చిందంటే మా బూర్గంపాడు, అశ్వాపురం వైపు రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి పెళ్ళిళ్ళు, రెండోది మిరప కోతలు. వైశాఖం దాకా రెండూ పోటీపడి నడుస్తాయి. ముహూర్తం పెట్టుకున్న పిల్ల పొద్దున్నే ఆటో ఎక్కి తోటకు పోతుంది. రాత్రి ఇంటికొచ్చి ఫోన్లో పెళ్ళికూతుళ్ళ జడల వీడియోలు చూస్తుంది. ఈ రెండింటి మధ్య ఆ పిల్ల నెత్తి మీద ఏం జరుగుతోందో ఎవరన్నా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. అందుకని ఈ వారం జుట్టు గురించి.

"అక్కా, భూమి గురించి రాయి, వర్గీకరణ గురించి రాయి, జుట్టేంది?" అని మన యూనివర్సిటీ తమ్ముళ్ళు అంటారని తెలుసు. వాటి గురించి రాశాను, ఇంకా రాస్తాను. కానీ తమ్ముడూ, నీ జుట్టు పలచబడితే నీ సంబంధం తప్పిపోదు. నీ చెల్లెలిది తప్పిపోతుంది. దాని కోసం మీ అమ్మ సంఘంలో అప్పు తీస్తుంది. ఆ అప్పు కట్టడానికి మీ అమ్మ, చెల్లె ఇద్దరూ మళ్ళీ అదే మిరప తోటకు పోతారు. ఇది ఆర్థిక విషయం కాదంటావా?

మా అక్క బిడ్డకు పోయిన దసరా తర్వాత సంబంధం వచ్చింది. పిల్ల డిగ్రీ చేసింది, పాల్వంచలో ఒక షాపులో బిల్లులు రాస్తుంది, సెలవు దొరికితే వాళ్ళమ్మతో కాయ కోతకు పోతుంది. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి మేనత్త లేచి వచ్చి, మాట మాట్లాడుతూనే పిల్ల జడ చేతిలోకి తీసుకుని కిందికి ఒకసారి లాగి చూసింది. సవరం పెట్టారేమోనని. పెట్టలేదు. "అంతా బాగానే ఉంది గని ఎంటికలే పలుచగున్నయి. పెళ్ళినాటికి మంచిగ పెంచుర్రి" అని నవ్వింది. వాళ్ళూ మనవాళ్ళే, పక్కా మన వాడవాళ్ళే. జై భీమ్ అంటే జై భీమ్ అనే ఇల్లే. గోడ మీద బాబాసాహెబ్ ఫోటో కూడా ఉంది.

ఆ ఒక్క మాటతో మా అక్క మూడు నెలలు నిద్రపోలేదు. మహిళా సంఘంలో పదిహేను వేలు తీసింది. అందులో పన్నెండు వేలు పట్నంలో ఒక పార్లర్ వాళ్ళ 'ప్రీ బ్రైడల్ ప్యాకేజీ'కి. మూడు నెలలు హెయిర్ స్పా, చివరి నెలలో కెరటిన్, పెళ్ళినాడు పూలజడ, సవరం కిరాయి. కల్యాణలక్ష్మి వచ్చాక కట్టేయొచ్చని అక్క లెక్క. ఆ పథకం 2014 అక్టోబర్‌లో 51 వేలతో మొదలై ఇప్పుడు 1,00,116 రూపాయలకు వచ్చింది నిజమే. కానీ ఆ చెక్కు వచ్చేలోపు దాని మీద ఎన్ని అప్పులు వాలి కూర్చుంటాయో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. 'మంచి జుట్టు' అని మనం దేన్ని అంటున్నాం? నల్లగా, ఒత్తుగా, నడుం దాటి, నిటారుగా. ఈ కొలత ఎవరిది?

మనుస్మృతి మూడో అధ్యాయంలో ఎలాంటి పిల్లను పెళ్ళాడకూడదో ఒక జాబితా ఉంది. కపిల వర్ణం పిల్ల, అంటే వ్యాఖ్యాతలు చెప్పినట్టు ఎర్రజుట్టు పిల్ల, వద్దు. రోగిష్టిది వద్దు. ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువున్నది వద్దు, అసలు లేనిది వద్దు. ఎక్కువ మాట్లాడేది వద్దు. నది పేరున్న పిల్ల కూడా వద్దట. అంటే మా ఒడ్డున గోదావరి అని పేరు పెట్టుకున్న పిల్లలెవరికీ పెళ్ళి అర్హత లేదు! నవ్వొస్తుంది కానీ, ఆ జాబితాలో మొదటిది ఇప్పటికీ మన పెళ్ళిచూపుల్లో కూర్చుని ఉంది. ఎర్రబారిన జుట్టు, పీచు జుట్టు అని వంక పెట్టేటప్పుడు ఆ మేనత్త మనువును చదివి అనలేదు. చదవకుండానే ఒంటబట్టింది.

ఎర్రజుట్టు ఎందుకొస్తుందో సైన్సు ఎప్పుడో చెప్పింది. 1930లలో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి ఘనాలో, పిల్లల్లో ఒక జబ్బును గుర్తించింది. ఒళ్ళు ఉబ్బుతుంది, చర్మం పెచ్చులూడుతుంది, జుట్టు ఎర్రగా, పలచగా మారుతుంది. అక్కడి గా భాషలో దాన్ని క్వాషియోర్కర్ అంటారు. తర్వాతి బిడ్డ పుట్టగానే తల్లిపాలకు దూరమైన పిల్లకు వచ్చే జబ్బు అని. తిండిలో మాంసకృత్తులు, మిగతా పోషకాలు చాలక వచ్చే జబ్బు. మన దేశంలో దీని మీద చాలా పని చేసిన డాక్టర్ సి. గోపాలన్ హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నాడు. తార్నాకలో, మన ఓయూ పక్కనే ఉంది ఆ సంస్థ. అంటే ఆకలి ఏ రంగులో ఉంటుందో కనిపెట్టిన వాళ్ళు మన పక్క వీధిలోనే ఉన్నారు. ఒకప్పుడు వాడల్లో పిల్లల ఎర్రజుట్టును చూసి 'మట్టిలో ఆడి అట్టయింది' అనేవాళ్ళు. చాలామందికి అది మట్టి కాదు, గంజి.

ఇప్పుడు అంత ఆకలి లేదు, నిజమే. రేషన్ బియ్యం ఉన్నాయి. కానీ రక్తం లేదు. 2019-20లో మన రాష్ట్రంలో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. అంతకుముందు సర్వేలో 56.6 శాతం. ఐదేళ్ళలో తగ్గకపోగా ఒక పాయింటు పెరిగింది. మా అక్క బిడ్డకు పార్లర్‌లో మొదటి స్పా అయిన రోజు కళ్ళు తిరిగాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే హిమోగ్లోబిన్ 7.9. పన్నెండు ఉండాలి. నర్సమ్మ ఒకటే అడిగింది, "పొద్దున ఏం తిన్నవ్?" అని. పిల్ల ఏమీ తినలేదు. పెళ్ళికి సన్నబడాలని పదిహేను రోజులుగా పొద్దున తిండి మానేసింది.

నెత్తి మీది వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు, కొంచెం ఎక్కువ పెరుగుతుంది. అంటే మూడు నెలల ప్యాకేజీకి దేవుడు దిగొచ్చినా పెరిగేది రెండు వేళ్ళ మందం. నడుం దాకా ఉన్న జడ కొసన ఉన్న వెంట్రుక ఐదారేళ్ళ కింద మొలిచింది. ఆ ఐదారేళ్ళు ఆ పిల్ల ఏం తిన్నది, ఎన్నిసార్లు జ్వరం పడ్డది, అంతా ఆ పొడుగులో ఉంటుంది. ఇంకోటి. టైఫాయిడో డెంగీయో వచ్చినా, కాన్పు అయినా, కడుపు మాడ్చుకున్నా, జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు నెలలకు రాలుతుంది. కనుక ముహూర్తానికి మూడు నెలల ముందు తిండి మానేసిన పిల్లకు సరిగ్గా పీటల మీద కూర్చునే వారంలో దువ్వెన నిండా వస్తుంది. పార్లర్ వాళ్ళు అప్పుడు ఇంకో ప్యాకేజీ చెబుతారు.

ఇక ఆ ఐదారేళ్ళ సంగతి. మన ఆడపిల్లలు ఆ వయసులో ఎక్కడుంటారు? హాస్టల్లో. నేనూ హాస్టల్లోనే చదివాను. మూడు వందల మందికి నాలుగు నల్లాలు. ఆదివారం ఒక్కరోజే తలస్నానం, అది కూడా వంతు వస్తే. పేలు పడుతున్నాయని జూన్‌లో వరుసగా కూర్చోబెట్టి అందరికీ మెడ దాకా కత్తిరించేవాళ్ళు. కొన్నేళ్ళ క్రితం మెదక్‌లో ఒక గిరిజన గురుకులంలో నీళ్ళు చాలడం లేదని ఆడపిల్లల జుట్టు కత్తిరించారని పేపర్లలో వచ్చింది. అందరూ అయ్యో అన్నారు. మాకైతే అందులో కొత్త ఏమీ కనపడలేదు. పదిహేడేళ్ళు వచ్చేదాకా ప్రభుత్వమే మన పిల్లల జుట్టు కత్తిరిస్తుంది. ఇరవై ఒకటికి అత్తగారు వచ్చి జడ లాగి పొడుగు చూస్తుంది. మధ్యలో ఆ పిల్ల తప్పు ఏముంది?

అటు నుంచి మిరప తోట. ఖమ్మం మిర్చి అంటే దేశమంతా తెలుసు, తేజ రకం ఎగుమతి అవుతుంది, మార్కెట్ యార్డులో ఎర్రటి బస్తాల ఫోటోలు ప్రతి ఏడూ పేపర్లో వేస్తారు. ఆ కాయ కోసిన చేతుల ఫోటో వేయరు. మాల, మాదిగ వాడల ఆడవాళ్ళు, మన్యం నుంచి కోయ ఆడవాళ్ళు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చేలల్లోనే గుడారాలేసుకునే కుటుంబాలు. నెత్తికి తువ్వాల, దాని మీద మగవాళ్ళ పాత చొక్కా. ఎంత కట్టుకున్నా ఆ ఘాటు మాడులోకి దిగుతుంది. చెమటతో కలిసి పాపిట మండుతుంది. సాయంత్రం చేతులు ఎంత కడిగినా ఆ మంట పోదు, ఆ చేతులతో తల అంటుకోలేం. మూడు నెలలు రోజూ నూనె పట్టించి జడ వేయాలని పెద్దవాళ్ళు చెప్పే శాస్త్రం ఎవరి కోసం పుట్టిందో ఇక్కడ అర్థమవుతుంది. పొద్దంతా ఇంట్లో ఉండే పిల్ల కోసం, వెనక కూర్చుని నూనె రాసే ఇంకో ఆడమనిషి ఖాళీగా ఉన్న ఇంటి కోసం.

అయినా మా నాయనమ్మలు చేశారు. ఏం చేశారో చెబుతా. ముహూర్తం పెట్టుకున్నాక వారానికి ఒక్కరోజు పిల్లను పనికి పంపేవాళ్ళు కాదు. ఆ రోజు కుంకుడుకాయలు రాయితో చితక్కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్ళలో నానేసి, నురుగు వచ్చేదాకా పిసికేవాళ్ళు. మందారాకు దంచి కలిపితే జిగురొచ్చి చిక్కు వదిలేది. గుంటగలగరాకు వేసి కాచిన నూనె. కొబ్బరినూనె కొనలేని ఇంట్లో ఇప్పనూనె. ఇప్పనూనె వాసన అందరికీ పట్టదు, నాకూ పట్టదు, ఊరికే గొప్పలు చెప్పను. కుంకుడు కంట్లో పడితే నరకం. కానీ ఆ పనిలో ఒక విషయం ఉంది. ఆ రోజు పిల్ల కూలి పోయేది, ఇల్లంతా దాన్ని భరించేది. ఒక కూలి రోజును వదులుకోవడం మా ఇళ్ళల్లో ఏ ప్యాకేజీ కన్నా పెద్ద ఖర్చు.

ఇంకెవరూ రాకపోయేవాళ్ళు కూడా. ఊళ్ళో పెద్ద కులాల పెళ్ళయితే మంగలి ఇంటి ఆడమనిషి వచ్చి పెళ్ళికూతురికి నలుగు పెట్టేది, గోళ్ళు తీసేది, పారాణి పెట్టేది. మా వాడకు రాలేదు. మా మగవాళ్ళ గడ్డం కూడా ఊళ్ళో గీసేవాళ్ళు కాదు. నేను ఆ కులాన్ని తిట్టను. మా గడపలోకి వచ్చి అదే కత్తితో దొర గడ్డం గీస్తే మర్నాడు వాళ్ళకు ఊళ్ళో ధాన్యం పుట్టేది కాదు. వాళ్ళనూ వెట్టి కిందే ఉంచారు. 1890లో బొంబాయిలో ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే చొరవతో క్షురకులు సభ పెట్టి, ఇకపై బ్రాహ్మణ వితంతువులకు గుండు గీయబోమని తీర్మానించారు. కత్తి పట్టిన చేయి ఎవరి పక్షాన నిలబడాలో ఆ రోజే తేల్చుకున్న వాళ్ళున్నారు. ఆ చరిత్ర మన సెలూన్ల గోడల మీద ఉండాలి.

అందుకే పార్లర్‌ను నేను మన విప్లవ మిత్రుల్లాగా ఒక్కమాటలో కొట్టిపారేయలేను. పార్లర్ డబ్బులడుగుతుంది, కులం అడగదు. మా అక్క బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టి, మెడ కింద తువ్వాల పెట్టి, నెత్తి చేతుల్లోకి తీసుకుని కడిగిన మొదటి పరాయి మనిషి ఆ పార్లర్ పిల్లే. మా అమ్మ తరానికి అది ఊహకందదు. ఆ పార్లర్ పిల్ల కూడా చాలాసార్లు మనపిల్లే. కుట్టు మిషన్, బ్యుటీషియన్ కోర్సు అని ప్రభుత్వాలు మన ఆడపిల్లలకు నేర్పించే విద్యలు ఆ రెండేగా! రోజంతా నిలబడి, ఆ మందుల ఆవిరి పీల్చి, నెలకు వాళ్ళు తీసుకునేదెంతో అడగండి.

ఆ ఆవిరి గురించి కూడా చెప్పాలి. జుట్టు నిటారుగా చేసే చాలా ద్రావణాలను వేడి ఇస్త్రీతో కాల్చినప్పుడు ఫార్మాల్డిహైడ్ వస్తుంది. శవాలు పాడవకుండా వాడే ఫార్మాలిన్‌లో ఉండేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. 2022లో అమెరికాలో 33 వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద జరిగిన అధ్యయనంలో, ఏడాదికి నాలుగుసార్లకు మించి స్ట్రెయిటెనర్లు వాడినవాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం, వాడనివాళ్ళ కన్నా రెట్టింపుకు పైగా కనిపించింది. అక్కడ వాటిని ఎక్కువగా వాడేది నల్లజాతి ఆడవాళ్ళు. ఎందుకు వాడతారు? ఉంగరాల జుట్టుతో పోతే ఉద్యోగం ఇవ్వరు, బడిలో బయట నిలబెడతారు గనక. కాలిఫోర్నియాలో 2019లో సహజ జుట్టును బట్టి వివక్ష చూపకూడదని చట్టం చేయాల్సి వచ్చింది. మన దగ్గర 'పీచు జుట్టు' అన్న మాటకు అక్కడ ఇంకో మాట ఉంది, అంతే తేడా.

ఇక సవరం. వాడలో ఆడవాళ్ళు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండ చుట్టి చూరులో దోపుతారు. నెలకొకసారి సైకిల్ మీదో బండి మీదో "ఎంటికలకు గిన్నెలిస్తం" అని కేక వినపడుతుంది. గుప్పెడు ఎంటికలకు ఒక స్టీలు గిన్నె, పిల్లలకు బుగ్గలు. ఆ చిక్కుముడులు కర్ణాటకలో కొప్పళ దగ్గర భాగ్యనగర్‌కో, బెంగాల్లో ముర్షిదాబాద్‌కో పోతాయి. అక్కడ మళ్ళీ మనలాంటి ఆడవాళ్ళే కూర్చుని చిక్కు విడదీస్తారు. హైదరాబాద్ నుంచి మయన్మార్ మీదుగా చైనాకు ముడి వెంట్రుకల దొంగ రవాణా జరుగుతోందని 2021లో ఈడీ దాడులు చేసింది. 2022 జనవరిలో కేంద్రం ముడి వెంట్రుకల ఎగుమతి మీద ఆంక్ష పెట్టింది. మన చూరులో ఉండ మీద ఈడీ దాడి! ఎంత విలువ లేకపోతే అంతదూరం వస్తారు?

గుడిలో తీసే జుట్టు దీనికన్నా మేలు రకం. కుదురు నుంచి కొస దాకా ఒకే వరుసలో ఉంటుంది గనక ధర ఎక్కువ. తిరుమలలో, మా భద్రాచలంలో గుండు గీసే చోటును కల్యాణకట్ట అంటారు, క్షౌరం అన్న మాట అశుభమని. తిరుమల జుట్టును పొడుగును బట్టి రకాలు చేసి ఈ-వేలం వేస్తారు, ఏడాదికి వంద కోట్లు దాటిన ఏళ్ళున్నాయి. బిడ్డకు జ్వరం తగ్గాలని మొక్కి నడుం దాకా ఉన్న జుట్టు ఇచ్చొచ్చిన తల్లులు మా వాడలో ఎంతమందో. 2004లో ఇంకో తమాషా జరిగింది. భారతదేశపు గుళ్ళ నుంచి వచ్చిన జుట్టు విగ్రహారాధనలో భాగమని, ఆ విగ్గులు తమవాళ్ళు పెట్టుకోకూడదని జెరూసలేంలో ఒక పెద్ద రబ్బీ తీర్పు చెప్పాడు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వీధుల్లో యూదు ఆడవాళ్ళు వేల డాలర్ల విగ్గులు తగలబెట్టారు. ఆ మంటల్లో ఏ పేద తల్లి మొక్కు కాలిందో! మనం ముట్టుకుంటే మైల. మన నెత్తి మీది జుట్టు మాత్రం ఎవరి పెళ్ళికైనా జడవుతుంది. పెళ్ళినాడు పూలజడ కింద కిరాయి సవరం పెట్టుకున్న ఏ కులం పిల్లయినా ఒకసారి ఆలోచించాలి, ఇది ఎవరి నెత్తిదో.

ఇష్టంతో ఇచ్చినది మొక్కు, బలవంతంగా తీసినది శిక్ష. అదీ మనకే. మా గోదావరి కింది ఒడ్డున, రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో 1996 డిసెంబర్ 29న దళిత యువకులను కొట్టి, ఇద్దరికి గుండు గీసి కనుబొమ్మలు కూడా తీసేశారు. తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది, పద్దెనిమిది నెలల శిక్ష. ఇరవై ఏడేళ్ళు దాటిన ఎదురుచూపు. 2020 జూలైలో సీతానగరం పోలీస్ స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి శిరోముండనం చేశారు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, దళితులకు, ఆదివాసులకు బలవంతంగా గుండు గీయడం, మీసం తీయడం నేరమని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. పెళ్ళి ఊరేగింపును అడ్డుకోవడం కూడా అందులోనే ఉంది. జుట్టు రాజకీయం కాదన్న తమ్ముళ్ళు ఆ సెక్షన్ 3(1) ఒకసారి పూర్తిగా చదవాలి.

కుంకుడుకాయల దగ్గరకు వద్దాం. ఇప్పుడు పార్లర్లలో 'హెర్బల్' అని ఒక ఖరీదైన వరుస ఉంటుంది. కుంకుడు, సీకాయ, మందారం, భృంగరాజ్. భృంగరాజ్ అంటే మన గుంటగలగరే, పొలం గట్టు మీద కలుపు మొక్క. సీసాలో పడగానే సంస్కృతం నేర్చుకుంది. మా ఏజెన్సీ సంతల్లో కోయ ఆడవాళ్ళు కిలో కుంకుడు అమ్మిన డబ్బుతో ఆ సీసా ఒక్కటి రాదు. అటవీ ఉత్పత్తులను న్యాయమైన ధరకు కొనాలని 1956లోనే గిరిజన సహకార సంస్థను పెట్టారు. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు పోయి, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అడవిలో బతికేవాళ్ళకు యాజమాన్య హక్కే ఉందని చెప్పింది. ఏరుకునే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు. కాగితం మీద కుంకుడుచెట్టు యజమానురాలు ఆ కోయ అక్క. సంతలో తూకం పట్టిన సేటు కళ్ళ ముందు మాత్రం కూలిమనిషి. అడవి అంచున బతికే దళిత ఆడవాళ్ళ పరిస్థితి ఇంకో రకం. అదే చట్టం కింద మేము హక్కు అడగాలంటే మూడు తరాలు, డెబ్భై ఐదేళ్ళు అక్కడే ఉన్నామని రుజువు చూపాలి. మా తాతలకు కాగితం ఎవరిచ్చారు? అందుకని అదే చెట్టు కింద ఏరుతున్నా గార్డు కంటికి మేం దొంగలం.

ఒక మాట మనవాళ్ళకు కూడా. సంతలో కోయ అక్క దగ్గర పావుకిలో కుంకుడుకు పది నిమిషాలు బేరమాడేది, అదే నోటితో పార్లర్‌లో పన్నెండు వేలకు మారు మాట్లాడనిది మనవాడే. బేరం ఎక్కడ ఆడాలో మన ఆడవాళ్ళు మాట్లాడుకోవాలి.

బాబాసాహెబ్ 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభల్లోనే ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాడు. మీ కట్టు, మీ నగలు చూసి మీ కులం గుర్తుపట్టేలా ఉండొద్దు, పెద్ద కులాల ఆడవాళ్ళలాగే చీర కట్టుకోండి, ఆ బరువు వెండి కడియాలు వదిలేయండి అని ఆయన చెప్పిన సారం. మర్నాటికే చాలామంది అలా కట్టుకున్నారు. కొందరు మిత్రులు దీన్ని చూపించి, మనపిల్లలు పార్లర్‌కు పోయి జుట్టు నిటారు చేయించుకోవడం కూడా ఆత్మగౌరవమే అంటారు. నేను సగం ఒప్పుకుంటా. కులం గుర్తు చెరిపేయడం ఆయన ఉద్దేశం. ఇప్పుడు జరుగుతున్నది అప్పు గుర్తు వేసుకోవడం. 1942లో నాగపూర్ మహిళా సభలో ఆయనే, పెళ్ళికి తొందరపడొద్దు, పెళ్ళంటే బాధ్యత, భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ సమానురాలి జడ లాగి చూసే హక్కు ఎవరికి ఉంది?

ఇదంతా నేను అక్క దగ్గర అన్నాను. అక్క మాట కూడా రాయాలి, రాయకపోతే అన్యాయం. "నువ్వు సభల్లో మాట్లాడతవే. రేపు ఆ ఇంట్ల ఉండేది నా బిడ్డ. ఆమె నోటికి నేను బియ్యం పోసి మూయాలె" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పిల్లను అడిగితే పిల్ల ఇంకోటి చెప్పింది. "చిన్నమ్మా, హాస్టల్ల నన్ను పీచుదానా అని పిల్చిండ్రు. ఒక్కసారి నున్నగ చేపిచ్చుకోవాలని నాకే ఉంది. మేనత్త కోసం కాదు." అది ఆమె కోరిక. నేనెవరిని కాదనడానికి? కాకపోతే కెరటిన్ మందు సీసా మీద ఏం రాసుందో ఇద్దరం కూర్చుని చదివాం. అది వద్దని తనే అంది. స్పాలు రెండు మిగిలాయి, అవి మానేస్తే పార్లర్ వాళ్ళు నాలుగు వేలు తిరిగిచ్చారు. ఆ నాలుగు వేలు ఇప్పుడు తిండికి.

తిండి అంటే ఏం తిండి? మా పెద్దమ్మ మొదటి రోజు నుంచీ అదే చెప్పింది, ఎవరూ వినలేదు. వారానికి రెండుసార్లు పెద్దకూర, కార్జం, దొరికితే నల్ల. మాంసంలోని ఇనుము ఆకుకూరల ఇనుము కన్నా బాగా ఒంటబడుతుందని డాక్టర్లూ చెబుతారు. కానీ సంబంధం కుదిరాక పిల్ల చేత పెద్దకూర మాన్పించారు, 'వాసనొస్తది, వాళ్ళ ఇంట్ల తినరు' అని. 2012లో ఓయూలో బీఫ్ ఫెస్టివల్ పెట్టి దెబ్బలు తిన్న మనం, మన ఇంట్లో పెళ్ళికూతురి కంచంలోంచి ఆ ముక్క ఎవరు తీసేశారో చూసుకోలేదు. వద్దనుకునేవాళ్ళకు గుడ్లు, మునగాకు, నువ్వులు-బెల్లం ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఉచితం. టీతో మింగితే దండగ, నిమ్మకాయ నీళ్ళతో మింగాలి. తోటలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళకు నులిపురుగులు రక్తం తాగేస్తాయి, ఆ మాత్ర కూడా అడిగి తీసుకోవాలి. మా పిల్లకు నెలన్నరలో 7.9 నుంచి 9.6కు వచ్చింది. జుట్టు ఇంకా రాలుతూనే ఉంది, అది ఆగడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. ముహూర్తం వైశాఖంలో. జడ అప్పటికీ పలచగానే ఉంటుంది.

ఆడపిల్లల హాస్టళ్ళలో చదువుకుంటున్న చెల్లెళ్ళకు ఒక పని చెబుతున్నా. ఈ నెలలో మీ హాస్టల్‌కు హిమోగ్లోబిన్ పరీక్ష ఎప్పుడు చేశారో, వారం వారం ఇవ్వాల్సిన నీలం ఐరన్ మాత్ర ఇస్తున్నారో లేదో, ఎన్ని నల్లాలకు ఎంతమంది ఉన్నారో, జుట్టు కత్తిరించేముందు మిమ్మల్ని అడిగారో లేదో రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు, ఊరు చాలు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల వివరాలు ముందు పోగేసి, కలెక్టర్లకు, ఐటీడీఏకు ఇచ్చే వినతిపత్రంలో పెడతాం. కోతలు అయ్యేలోపు పంపితే వేసవి సెలవుల ముందే ఇవ్వొచ్చు.